సాఫ్ట్‌బాల్ ఆడే పిల్లలకి ముందు మాస్క్, తర్వాతే బ్యాట్

స్కూల్‌కి సాఫ్ట్‌బాల్ సామాను కొనడానికి నాలుగు డబ్బులు రాగానే అందరి చూపూ బ్యాట్ మీదికే పోతుంది. తర్వాత గ్లవ్స్, ఆ తర్వాత జెర్సీలు, ఇంకా ఏమైనా మిగిలితే హెల్మెట్లు. ఫీల్డింగ్ చేసేటప్పుడు ముఖానికి పెట్టుకునే ఫీల్డింగ్ మాస్క్ అయితే చాలాచోట్ల లిస్టులోనే ఉండదు. నల్గొండ, మహబూబ్‌నగర్ వైపు పిల్లల్ని ఎస్‌జీఎఫ్ (స్కూల్ గేమ్స్ ఫెడరేషన్) సెలక్షన్లకి తయారుచేస్తున్న పీఈటీ సార్లకి, మేడమ్‌లకి, వాళ్లని పొద్దున్నే గ్రౌండ్‌కి దింపే అమ్మానాన్నలకి నేను చెప్పేది ఒకటే, ఆ లిస్టుని తిరగేయండి, తలనీ ముఖాన్నీ కాపాడేవి ముందు, బ్యాట్ తర్వాత.

ముందు బాల్ సంగతి చూద్దాం. 12 అంగుళాల (చుట్టుకొలత) సాఫ్ట్‌బాల్ బరువు 177 నుంచి 198 గ్రాములు. క్రికెట్ బాల్ 156 నుంచి 163 గ్రాములే ఉంటుంది. పన్నెండేళ్లలోపు పిల్లలకి పిచింగ్ దూరం, అంటే బాల్ వేసే చోటు నుంచి బ్యాటర్ దగ్గరికి, 40 అడుగులు, పెద్ద అమ్మాయిలకి 43. బాల్ వదిలేసరికి పిచర్ (బాల్ వేసే అమ్మాయి) ఒక పెద్ద అంగ ముందుకు వేసి ఉంటుంది కాబట్టి ఆమె ముఖానికీ బ్యాట్‌కీ మధ్య మిగిలేది అటూ ఇటూగా 11 మీటర్లు. గంటకి 100 కిలోమీటర్ల వేగంతో తిరిగొచ్చే బాల్ ఆ దూరాన్ని 0.4 సెకన్లలో దాటుతుంది, అందులో సగం టైమ్ కంటితో చూసి చెయ్యి కదపడం మొదలుపెట్టడానికే అయిపోతుంది. కాబట్టి "మా పాప చురుకు, తప్పించుకుంటుంది" అనే మాట మీద ఆధారపడొద్దు. ఎంత చురుకైన పిల్లకైనా ఉండే టైమ్ అంతే.

థర్డ్ బేస్, ఫస్ట్ బేస్ (బ్యాటర్ పరుగెత్తి చేరాల్సిన మూలలు) దగ్గర ఫీల్డింగ్ చేసేవాళ్ల పరిస్థితి కూడా దాదాపు ఇదే. బంట్ (బ్యాట్ అడ్డం పెట్టి బాల్‌ని మెల్లగా ముందు పడేయడం) వస్తుందని అనుమానం రాగానే వాళ్లు బ్యాటర్ వైపు పరుగెత్తుకొస్తారు, అప్పుడే బ్యాటర్ బంట్ మానేసి గట్టిగా కొట్టిందంటే బాల్ నేరుగా ముఖం మీదికే.

దీనికి తోడు మన నేల. పచ్చిక మీద గ్రౌండర్ (నేల మీద దొర్లే బాల్) ఎలా వస్తుందో కొంతవరకు అంచనా వెయ్యొచ్చు, మనకున్న మొరం గ్రౌండ్లలో, ఎండకి గట్టిపడి పైన చిన్న చిన్న కంకర తేలి ఉండే నేల మీద, దొర్లుకుంటూ వచ్చే బాల్ ఒక రాయికి తగిలి చివరి రెండు అడుగుల్లో గడ్డం దాకా ఎగురుతుంది. గ్లవ్ కిందే ఉంటుంది, తల వంచి ఉంటుంది, ముక్కు ముందుంటుంది. అందుకే షార్ట్‌స్టాప్ (సెకండ్, థర్డ్ బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్), సెకండ్ బేస్ వాళ్లకి కూడా ఇక్కడ మాస్క్ కావాలంటాను. ప్రాక్టీస్‌కి ముందు పిల్లలందరినీ వరుసగా నిలబెట్టి ఇన్‌ఫీల్డ్ (బేస్‌ల మధ్య నేల) అంతా ఒకసారి నడిపించి రాళ్లు ఏరించండి, వీలైతే నీళ్లు చల్లించండి, పది నిమిషాల పని.

మరి ఉన్న డబ్బుతో ఏది ముందు? క్యాచర్ (బ్యాటర్ వెనక కూర్చుని బాల్ పట్టే అమ్మాయి) సామాను మొత్తం మొదటిది, అందులో బేరం లేదు. తర్వాత బ్యాటింగ్ హెల్మెట్లు, కనీసం ఐదు. బ్యాటర్ ఒకరు, తర్వాత రావాల్సిన వాళ్లు ఒకరు, బేస్‌ల మీద ముగ్గురు, మొత్తం ఐదు తలలు ఒకేసారి ప్రమాదంలో ఉంటాయి కాబట్టి రెండు హెల్మెట్లు కొని మార్చుకుంటూ పెట్టుకోమంటే కుదరదు. ఆ తర్వాత ఫీల్డింగ్ మాస్కులు: పిచర్, థర్డ్, ఫస్ట్, ఈ వరుసలో. ఒక మంచి కాంపోజిట్ (ఫైబర్‌తో చేసిన) బ్యాట్ ధరలో ఇలాంటివి రెండు మూడు వస్తాయి. బ్యాట్ పాతదైనా ఆట నడుస్తుంది.

హెల్మెట్ కొనేటప్పుడు

రెండు చెవులూ కప్పేది, ముందు వైర్ ఫేస్‌గార్డ్ ఉన్నది తీసుకోండి. అమెరికాలో యూఎస్ఏ సాఫ్ట్‌బాల్ వాళ్లు పిల్లల ఫాస్ట్‌పిచ్ పోటీల్లో బ్యాటింగ్ హెల్మెట్‌కి ఫేస్‌గార్డ్ తప్పనిసరి చేశారు. హెల్మెట్ మీద ఎన్‌ఓసీఎస్‌ఏఈ అనే అక్షరాలు ముద్రించి ఉన్నాయో లేదో చూడండి, పరీక్షలో నిలబడిన హెల్మెట్ల మీద వేసే ముద్ర అది. ఫేస్‌గార్డ్ విడిగా కొంటే సరిగ్గా ఆ మోడల్‌కి అదే కంపెనీ చేసినదై ఉండాలి. ఏదో ఒక గార్డ్ తెచ్చి డ్రిల్లింగ్ మెషిన్‌తో హెల్మెట్‌కి రంధ్రాలు పెట్టి బోల్టులు బిగిస్తే ఆ రంధ్రం దగ్గరే పగులు మొదలవుతుంది. స్కూల్ పేరు కోసం పెయింట్ వేయించడం కూడా వద్దు, పెయింట్‌లోని థిన్నర్ ప్లాస్టిక్‌ని పెళుసుగా చేస్తుంది.

క్రికెట్ హెల్మెట్ చాలదా అని తప్పకుండా అడుగుతారు, ప్రతి స్కూల్లోనూ రెండు ఉంటాయి కదా. దాన్ని పరీక్షించింది క్రికెట్ బాల్‌కి, సాఫ్ట్‌బాల్ బరువుకి కాదు. హెల్మెట్లు వచ్చేలోపు ప్రాక్టీస్‌లో ఉత్త తలతో నిలబెట్టడం కంటే మేలే, అంతవరకే. బైక్ హెల్మెట్ మాత్రం అసలు వద్దు. చెవులు వినపడవు, పక్క చూపు ఉండదు, ఆ బరువుకి పిల్లల మెడ అలిసిపోతుంది.

మాస్క్ సరిపోయిందా లేదా

ఎక్కువ మంది వదిలేసేది ఇక్కడే. మాస్క్ ఉంటుంది, వదులుగా వేలాడుతుంటుంది, బాల్ తగలగానే ఆ వైరే వచ్చి ముక్కుకి కొట్టుకుంటుంది.

పాపకి మాస్క్ తొడిగించి ఎదురుగా కూర్చోండి. నుదురు మీద, బుగ్గల మీద, గడ్డం కింద ప్యాడ్ చర్మానికి పూర్తిగా ఆనాలి, మధ్యలో వేలు దూరే సందు ఉండకూడదు. ఇప్పుడు మీ అరచేతిని వైర్ మీద పెట్టి మెల్లగా లోపలికి నొక్కండి. ముక్కు చివరకి, పెదవులకి వైర్ తగిలిందంటే ఆ సైజు పనికిరాదు. తర్వాత మీరు వాడే బాల్‌నే, 11 అంగుళాలదైతే అదే, ప్రతి సందులోనూ పెట్టి నొక్కి చూడండి. బాల్ ముఖంలో ఏ భాగానికీ ఆనకూడదు. చివరగా తల గట్టిగా అటూ ఇటూ తిప్పమనండి, కిందికి వంగి లేవమనండి. మాస్క్ జారితే వెనక పట్టీలు బిగించాలి, బిగించినా జారితే సైజు మార్చాలి.

జడల గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మన స్కూళ్లలో సైజు తప్పిపోయేది దీనివల్లే. రెండు జడలు మడిచి రిబ్బన్లు కట్టుకుని వచ్చిన అమ్మాయికి హెల్మెట్ ఆ మడతల మీద కూర్చుంటుంది, నుదురంతా బయటికి వచ్చి హెల్మెట్ వెనక్కి వాలిపోతుంది. గ్రౌండ్‌కి వచ్చే రోజు ఒక్కటే జడ, మెడ దగ్గర కిందికి, మాస్క్ పట్టీ జడకి పైనుంచి పోయేలా. క్లిప్పులు, పిన్నులు, హెయిర్‌బ్యాండ్ తీసేయాలి, దెబ్బ తగిలితే అవి నెత్తిలోకి గుచ్చుకుంటాయి. కమ్మలు, ముక్కుపుల్ల, గాజులు కూడా తీయించండి. ముక్కుపుల్ల తీయడానికి ఇంట్లో ఒప్పుకోకపోతే అమ్మతో ముందే మాట్లాడండి, మ్యాచ్ రోజు పొద్దున కాదు. తలకి ఆ పొద్దున నూనె పెట్టొద్దని కూడా చెప్పండి, ప్యాడ్లు జారుతాయి.

మొదటి రోజు పిల్లలు ఒకే మాట అంటారు: "సార్, ఇది పెట్టుకుంటే బాల్ కనపడ్తలేదు." నమ్మండి, నిజంగానే కనపడదు, మాస్క్ పైకో కిందికో జరిగి కళ్ల ముందుకి వైర్ వచ్చి ఉంటుంది. పెద్ద సందు సరిగ్గా కళ్ల ముందుకి వచ్చేలా సరిచేసి, ఒక వారం టెన్నిస్ బాల్‌తో క్యాచ్‌లు ఆడించండి. నెమ్మదిగా అలవాటైపోతుంది. ఆ వారం ఓపిక పట్టకుండా "సరేలే, తీసెయ్" అన్నామంటే ఆ అమ్మాయి మళ్లీ పెట్టుకోదు. సీనియర్ పిల్లలు పెట్టుకుంటే చిన్నవాళ్లు అడగకుండానే పెట్టుకుంటారు, కాబట్టి ముందు టీమ్‌లో బెస్ట్ పిచర్‌కి తొడిగించండి.

ఊళ్లో వెల్డింగ్ షాపులో ఇనుప చువ్వలతో చేయించడం, వంగిన వైర్‌ని సుత్తితో కొట్టి నిలబెట్టడం, ఈ రెండూ చేయొద్దు. ఒకసారి వంగిన చోట లోహం బలం పోతుంది, అతుకు ఊడితే ఆ ముక్క కంటివైపే తిరుగుతుంది. వైర్ వంగినా, అతుకు దగ్గర తుప్పు పట్టినా, ప్లాస్టిక్ మాస్క్‌కి స్క్రూల చుట్టూ సన్నని గీతలు వచ్చినా పక్కన పడేయండి. పడేసేముందు పట్టీలు కత్తిరించండి, లేకపోతే ఎవరో ఒకరు మళ్లీ తీసి పెట్టుకుంటారు.

కళ్లద్దాలు పెట్టుకునే పిల్లలకి మాస్క్ లోపల కూడా పాలీకార్బొనేట్ అద్దాల స్పోర్ట్స్ గాగుల్స్, వెనక బ్యాండ్ ఉన్నవి కావాలి. మామూలు గాజు అద్దాలతో గ్రౌండ్‌లోకి పంపొద్దు.

క్యాచర్

హెల్మెట్‌తో కూడిన మాస్క్, గడ్డం కింద వేలాడే గొంతు గార్డ్, ఛాతీ గార్డ్, కాళ్ల గార్డులు. క్రికెట్ ప్యాడ్లు కట్టి కూర్చోబెడితే మోకాలు సరిగ్గా మడవదు, గొంతుకి అడ్డం ఏమీ ఉండదు. ఛాతీ గార్డ్ కొనేటప్పుడు ఎన్‌డీ 200 అనే ప్రమాణం ఉన్నది దొరికితే అదే తీసుకోండి. గుండె మీద సరిగ్గా ఒక క్షణంలో బాల్ తగిలితే, బయటికి గాయం ఏమీ కనపడకపోయినా, గుండె లయ తప్పి ఆగిపోవచ్చు. ఆ ప్రమాదం తగ్గించడానికి పెట్టిన ప్రమాణం అది. ఇలా కూలబడిన పిల్లకి వెంటనే సీపీఆర్ (ఛాతీ మీద నొక్కి గుండెని నడిపించే ప్రథమ చికిత్స) మొదలుపెట్టాలి, కాబట్టి టీమ్‌తో ఉండే పెద్దవాళ్లలో ఒక్కరైనా నేర్చుకుని ఉండండి. ఇంకో సంగతి, పక్కన పిచర్‌కి వార్మప్ ఇస్తున్న అమ్మాయి కూడా క్యాచరే. ఆమెకీ హెల్మెట్, మాస్క్ ఉండాల్సిందే.

ప్రాక్టీస్‌లో

మ్యాచ్‌లో ఒక్క బాల్ ఉంటుంది, అందరూ దాన్నే చూస్తుంటారు. ప్రాక్టీస్‌లో నాలుగు బాల్స్ ఎగురుతుంటాయి. ఒకరు గ్రౌండర్లు ఆపుతుండగా పక్కనుంచి ఇంకొకరు త్రో విసరకూడదు, విసిరే దిశ అందరికీ ఒకటే పెట్టండి. బ్యాట్ చేతిలో ఉండేది ఇద్దరికే, కొడుతున్నవాళ్లకి, తర్వాత కొట్టబోయేవాళ్లకి. ఆ రెండోవాళ్ల చుట్టూ సున్నంతో పెద్ద వలయం గీయండి, అందులోకి ఎవరూ అడుగుపెట్టకూడదు. చిన్నపిల్లల్లో బాల్ కంటే పక్కవాళ్ల బ్యాట్ తగలడమే ఎక్కువ భయం.

బ్యాట్‌ని వారానికోసారి వేళ్లతో తడిమి చూడండి. పగులు, సొట్ట, ఊపితే లోపల గలగల, చిరిగిన గ్రిప్, వదులైన చివరి మూత, ఏది కనిపించినా వాడొద్దు. నీళ్లలో నానిన బాల్ బరువెక్కుతుంది, దాన్ని పిల్లలకి ఇవ్వకండి. కొత్తగా నేర్చుకునే వాళ్లకి మెత్తని 11 అంగుళాల బాల్ చాలు.

మే నెలలో మన దగ్గర ఎండ 44, 45 డిగ్రీలు దాటుతుంది. కిట్ బ్యాగ్‌ని కారు డిక్కీలోనో రేకుల గదిలోనో వదిలేస్తే లోపలి ఫోమ్, జిగురు పాడైపోతాయి. నీడలో గాలి తగిలేచోట పెట్టండి, సబ్బు నీళ్ల గుడ్డతో తుడవండి, పెట్రోల్, థిన్నర్ వాడకండి. హెల్మెట్లు పంచుకుంటారు కాబట్టి తలకో పలుచని కాటన్ గుడ్డ ఇంటి నుంచి తెచ్చుకోమనండి, పేల గొడవ ఉండదు.

దెబ్బ తగిలితే

కంటికి తగిలితే రుద్దకూడదు, నొక్కకూడదు, చుక్కలు వేయకూడదు. ఒక కాగితం కప్పు అడుగుని కంటి చుట్టూ ఎముకకి ఆనేలా పెట్టి టేప్ వేసి, తల ఎత్తుగా ఉంచి బయల్దేరండి. చూపు మసకగా ఉన్నా, ఒకటి రెండుగా కనిపించినా, నల్లగుడ్డు ముందు రక్తం చేరినా ఆ రోజే కంటి డాక్టర్ చూడాలి. జిల్లా ఆసుపత్రిలో కుదరకపోతే హైదరాబాద్‌లో సరోజినీదేవి కంటి ఆసుపత్రి ఉంది. నల్గొండ నుంచైనా మహబూబ్‌నగర్ నుంచైనా సుమారు 100 కిలోమీటర్లు, కాబట్టి "పొద్దున చూద్దాం" అనొద్దు.

శాశ్వత పన్ను ఊడితే దాని వేరుని ముట్టుకోకుండా పైభాగం పట్టుకుని, పచ్చి పాలలోనో కాచి చల్లార్చిన పాలలోనో వేసి అరగంటలో పళ్ల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే మళ్లీ అతికే అవకాశం ఉంది. పాలపన్ను అయితే తిరిగి పెట్టరు. ముక్కు నుంచి రక్తం కారితే తల ముందుకి వంచి మెత్తని భాగం నొక్కి పట్టాలి, వెనక్కి వాల్చకూడదు. తలకి తగిలి కళ్లు తిరిగినా, వాంతి అయినా, అడిగినదే మళ్లీ అడుగుతున్నా ఆ రోజుకి ఆట అయిపోయినట్టే. డాక్టర్ సరే అనేదాకా గ్రౌండ్‌లోకి రానివ్వొద్దు, ఫైనల్ మ్యాచ్ అయినా సరే.

108కి ఫోన్ చేసేవాళ్లు ఒకరు, గ్రౌండ్ గేటు తీసి రోడ్డు మీద నిలబడి అంబులెన్స్‌కి దారి చూపేవాళ్లు ఇంకొకరు, పిల్ల ఇంటికి ఫోన్ చేసేవాళ్లు మరొకరు. ఎవరు ఏ పని చేయాలో సీజన్ మొదటి రోజే పేర్లతో రాసి, అందరి అమ్మానాన్నల ఫోన్ నంబర్లతో కలిపి కిట్ బ్యాగ్ లోపలి జేబులో పెట్టండి.