ఊరి చర్చి ఎప్పటిదో తేల్చుకోవడం ఎలా?

మా చర్చికి పెంకులు మార్చేటప్పుడు పెదనాన్న అడిగాడు, "ఎప్పుడు కట్టార్రా దీన్ని?" అని. ఎవరికీ తెలీదు. ఆ పని నా నెత్తిన పడింది.

ముందు శంకుస్థాపన రాయి చూడండి. అక్షరాలు అరిగిపోతే సుద్ద పూయొద్దు. చీకటి పడ్డాక సెల్‌ఫోన్ టార్చి పక్కనుంచి వెయ్యండి. పగలు నాకు ఉత్త గీతలా కనబడింది అప్పుడు 8 అయింది.

తర్వాత బాప్తిస్మాల రిజిస్టరు. మాది హార్మోనియం పెట్టె కింద దొరికింది, అంచులు చెదలు తినేసి. వేలు తడిపి పేజీలు తిప్పొద్దు, కిటికీ దగ్గర ఫోటోలు తీసుకోండి. తండ్రి వృత్తి గడిలో వరసగా కూలి, కూలి, కూలి. ఒక్కచోట వంటవాడు. ఆయన మా అవ్వకు తాత!

మన చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911లో. అంతకుముందు కాగితాలు ఉత్తర ఆర్కాటు కింద, మదనపల్లె వైపువైతే కడప కింద వెతకాలి. ఇది తెలీక రెండు నెలలు పోగొట్టుకున్నా.

బోర్డు మీద సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) అని ఉంటే ఆంగ్లికన్‌ది, అంటే ఇంగ్లండు చర్చి వాళ్లు కట్టింది అనుకోవద్దు. ఆంగ్లికన్లు, మెథడిస్టులు, దక్షిణ భారత ఐక్య సంఘం కలిసి 1947 సెప్టెంబరు 27న సీఎస్ఐ అయ్యాయి. మన వైపు పనిచేసిన ఆర్కాట్ మిషన్ అమెరికా వాళ్లది, ఆంగ్లికన్లది కాదు.

ముసలివాళ్లను సంవత్సరం అడగొద్దు. "గంట కట్టినప్పుడు నీకు పెళ్లయిందా అవ్వా?" అనండి.

"పెద్దోడు కడుపులో ఉన్నాడు."

పెద్దోడి స్కూలు సర్టిఫికెట్లో పుట్టిన తేదీ జూన్ 1 అని ఉంటే నమ్మొద్దు, అది బళ్లో అయ్యవారు వేసిన తేదీ. మళ్లీ ఆ రిజిస్టరే తెరవండి.