బ్రేక్ వదిలినా చక్రం పట్టేస్తోందా? నా అనుభవం

హైదరాబాద్‌లో పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీదుగా వచ్చి ఆరాంఘర్‌లో దిగేసరికి మా ఎస్‌యూవీ ముందు ఎడమ చక్రం దగ్గర కాలిన వాసన. బ్రేక్ మీంచి కాలు తీసినా బండి ఎడమకు లాగేది. వెనక పిల్లలుంటే ఒకటే టెన్షన్. వీల్ అలైన్‌మెంట్, కొత్త బ్రేక్ ప్యాడ్లు, బ్రేక్ ఆయిల్ మార్పు, దేనితోనూ తగ్గలేదు.

చివరికి టోలిచౌకిలో ఒక మెకానిక్ భాయ్ జాకీ పెట్టి చక్రాన్ని చేత్తో తిప్పి చూశారు. బిగుసుకుపోయి ఉంది. కాలిపర్ (ప్యాడ్లను డిస్క్‌కు రెండు వైపులా నొక్కే భాగం) విప్పితే, వేసి నాలుగు నెలలు కాని లోపలి ప్యాడ్ రేకులా అరిగింది, బయటిది దాదాపు కొత్తదే. "ప్యాడ్‌ది కాదు సార్, పిన్ జామ్" అన్నారు.

కింది గైడ్ పిన్ (కాలిపర్ అటూ ఇటూ జారడానికి ఉండే కడ్డీ) మీది రబ్బరు బూటు, అంటే తొడుగు, చిరిగి, నీళ్లు చేరి తుప్పు పట్టింది. పిన్‌ను మెల్లగా తిప్పుతూ లాగి, సన్నటి ఎమెరీ కాగితంతో రుద్ది, రంధ్రాన్ని బ్రేక్ క్లీనర్‌తో కడిగారు. కొత్త బూట్లు వేసి, సిలికాన్ గ్రీజు పల్చగా రాశారు. మామూలు గ్రీజు వద్దు, రబ్బరు ఉబ్బుతుంది. బొటనవేలితో నొక్కితే పిన్ జారాలి, అప్పుడే బిగించాలి. ముందు రెండు చక్రాలకూ కొత్త ప్యాడ్లు వేశాం. బండి కదిలించే ముందు పెడల్ గట్టిపడేదాకా తొక్కడం మరవకండి.

రెండు నెలలైంది, వాసన లేదు. మీ బండిలో ఇదే ఇబ్బందికి కారణం వేరే కావొచ్చు: ప్యాడ్‌ను నెట్టే పిస్టన్ పట్టేసి ఉండొచ్చు, బ్రేక్ గొట్టం లోపల పూడుకుపోయీ ఉండొచ్చు. ఎలక్ట్రానిక్ పార్కింగ్ బ్రేక్ ఉన్న వెనక చక్రాలైతే మాత్రం సర్వీస్ మోడ్‌లో (పార్కింగ్ బ్రేక్ మోటారును వెనక్కి తీసే సెట్టింగ్) పెట్టకుండా ముట్టుకోవద్దు.