వాలరెంట్ గేమ్‌లో టీమ్‌లోని ఐదుగురూ ఒకే రౌండ్‌లో ఫుల్ బై (రైఫిల్, షీల్డ్, ఎబిలిటీలు అన్నీ కొనడం) చేయాలంటే

ఇద్దరి చేతిలో వాండల్ రైఫిల్, ముగ్గురి చేతిలో పిస్టల్ ఉంటే రౌండూ పోతుంది, డబ్బూ పోతుంది. రైఫిల్ 2900, హెవీ షీల్డ్ (కవచం) 1000, అంటే మనిషికి 3900 క్రెడిట్లు (గేమ్‌లో డబ్బు) కావాలి. ఎబిలిటీలకు (పాత్ర ప్రత్యేక శక్తులకు) ఇంకో ఐదారు వందలు.

కొనే ముందు బై మెనూలో తర్వాతి రౌండ్‌కి కనీసం ఎంత ఉంటుందో చూపే అంకె చూడండి. కొంటే అది 3900 కంటే కిందికి పడిపోతుందా, ఆగండి. మీరొక్కరే కాదు, ఐదుగురూ ఆగాలి. 6800 ఉన్నవాళ్లు తమ సరంజామా పోను ఇంకొకరికి రైఫిల్ కొనివ్వొచ్చు. అడగడానికి మొహమాటం వద్దు, బై మెనూలో కావాల్సిన గన్‌ మీద రైట్ క్లిక్ చేస్తే చాలు.

ఒక్క జాగ్రత్త: అటాక్‌లో స్పైక్ (బాంబు) పెట్టకుండా ఓడి, ప్రాణాలతో మిగిలితే వచ్చేది 1000 మాత్రమే. చేతిలో రైఫిల్ లేకుండా దాక్కోవడం దండగ. 12వ రౌండ్‌లో మాత్రం దాచొద్దు, సైడ్ మారగానే అందరికీ మళ్లీ 800 నుంచే మొదలు.