మనమే చేసుకుందాం యాంప్లిఫైయర్ – 3వ పాఠం: ఏ సర్క్యూట్ కడదాం?

పోయిన పాఠంలో సోల్డరింగ్ ప్రాక్టీస్ చేశాం, మల్టీమీటర్‌తో డయోడు, కెపాసిటర్ ఎలా చెక్ చేయాలో చూశాం. ఇవాళ చేతికి పని తక్కువ, బుర్రకి ఎక్కువ. ఈ ఒక్క పాఠం మాత్రం తొందరపడి దాటేయకండి, ఎందుకంటే మొదటి యాంప్ మోగకపోతే చాలామంది సోల్డరింగ్ ఐరన్ అటకెక్కించేస్తారు, అలా మానేసిన కుర్రాళ్లని నేను చూశాను, వాళ్ల చేతిపనిలో లోపం లేదు, ఎంచుకున్న సర్క్యూటే వాళ్ల దగ్గరున్న సామానుకి సరిపోలేదు.

అందరూ ముందు అడిగేది "ఎన్ని వాట్లు వస్తాయండీ" అని. నేను తిరిగి అడిగేది మీ దగ్గర ఏ స్పీకరుంది, ఏ ట్రాన్స్‌ఫార్మరుంది అని. వాట్లు ఐసీ (సర్క్యూట్ అంతా ఒకే చిప్‌లో ఉండే పార్టు) పేరుని బట్టి రావు, దానికిచ్చే వోల్టేజీని బట్టి, స్పీకర్ ఓమ్స్‌ని బట్టి వస్తాయి. లెక్క చూడండి, తేలికే. ప్లస్ 16, మైనస్ 16 సప్లై (మధ్యలో గ్రౌండ్, అంటే సున్నా వోల్టు) ఉందనుకుందాం. ఐసీ లోపల ఓ 3 వోల్టులు పోతాయి, మిగిలేది 13. పదమూడు పదమూళ్లు 169. స్పీకర్ 8 ఓమ్స్ అయితే ఆ 8ని రెట్టింపు చేస్తే 16, ఇందాకటి 169ని ఆ 16తో భాగించండి, పదిన్నర వాట్లు. అంతే, ఎవరు ఏ డబ్బా మీద ఏం రాసినా ఈ లెక్క దాటి రాదు. పాత హోమ్ థియేటర్ల మీద పీఎంపీఓ (క్షణంపాటు వచ్చే పీక్ పవర్ అనే అంకె) అని వేలల్లో వేసేవాళ్లు చూడండి, దానికీ ఈ లెక్కకీ సంబంధమే లేదు.

అదే లెక్క 12 వోల్టుల బ్యాటరీకి వేసి చూడండి. సింగిల్ సప్లై (ప్లస్ ఒక్కటే, మైనస్ లేదు) కాబట్టి అటు ఆరు, ఇటు ఆరు, లోపల పోయేది పోగా నాలుగున్నర మిగిలితే 4 ఓమ్స్ స్పీకర్‌కి రెండున్నర వాట్లే. అందుకే కారు, ఆటో యాంపుల్లో బ్రిడ్జి పద్ధతి పెడతారు, అంటే స్పీకర్ రెండు కొసల్నీ రెండు యాంపులు ఎదురెదురుగా తోస్తాయి, వోల్టేజీ దాదాపు రెట్టింపు అవుతుంది.

పదిన్నర వాట్లేనా అని నిరుత్సాహపడకండి. గదిలో మామూలుగా పాట వింటుంటే నిజంగా ఖర్చయ్యేది చాలాసార్లు ఒక వాటు కూడా ఉండదు. చెవికి సౌండు రెట్టింపు అయినట్టు అనిపించాలంటే పవర్ సుమారు పది రెట్లు పెరగాలి, కాబట్టి 10 వాట్ల నుంచి 20కి వెళ్లినా తేడా 3 డెసిబెల్సే. డబ్బులుంటే మంచి స్పీకర్ మీద పెట్టండి.

ఇక మార్కెట్లో దొరికేవాటిలోకి వద్దాం. ఎల్ఎం 386 ఎనిమిది కాళ్ల చిన్న ఐసీ, చిన్న బ్యాటరీ మీద నడుస్తుంది, అర వాటు అటూ ఇటూ వస్తుంది, చిన్న రేడియోకో ఇంటర్‌కమ్‌కో బాగుంటుంది, పాటలు వినడానికి చాలదు. పీఏఎం 8403 క్లాస్ డి (అవుట్‌పుట్‌ని చాలా వేగంగా ఆన్, ఆఫ్ చేస్తూ నడిపే రకం), 5 వోల్టుల మీద నడుస్తుంది, ఫోన్ చార్జర్ చాలు, రెడీమేడ్ బోర్డే చాలా చవక, కానీ మనం కట్టేదేముంది అందులో, వైర్లు కలపడం తప్ప. వాడితే ఒక్కటి గుర్తుంచుకోండి, దాని స్పీకర్ మైనస్ వైర్లని ఒకదానికొకటి గానీ గ్రౌండ్‌కి గానీ కలపకూడదు. ఎల్ఏ 4440 గురించి చెప్పక్కర్లేదు, మన ఊళ్లలో రిపేర్ షాపుల్లో 4440 బోర్డు తెలీని వాళ్లుండరు. స్టీరియోలో పక్కకి 6 వాట్లు, బ్రిడ్జిలో 19 అని చెప్తారు, 12 వోల్టుల బ్యాటరీ ఉన్నవాళ్లకి నా సలహా కళ్లు మూసుకుని ఇదే.

కానీ కరెంటు మీద నడిపి, ఏ పార్టు ఏం చేస్తుందో అర్థం చేసుకుంటూ కట్టాలంటే నేను టీడీఏ 2030ఏ దగ్గరే ఆగుతాను. ఐదే కాళ్లు. ఒకటి ఇన్‌పుట్, రెండు ఫీడ్‌బ్యాక్ (అవుట్‌పుట్‌లో కొంత వెనక్కి వచ్చే కాలు), మూడు మైనస్ సప్లై, నాలుగు అవుట్‌పుట్, ఐదు ప్లస్ సప్లై. నాలుగు నుంచి రెండుకి 22కే (అంటే 22,000 ఓమ్స్) రెసిస్టర్, రెండు నుంచి 680 ఓమ్స్, 22 మైక్రోఫారడ్ మీదుగా గ్రౌండ్‌కి. 22,000ని 680తో భాగించి ఒకటి కలిపితే 33, అదే మన గెయిన్, అంటే సిగ్నల్ అన్ని రెట్లు పెరుగుతుంది. ఇందాకటి 13 వోల్టులు రావాలంటే ఇన్‌పుట్‌లో 0.4 వోల్టు చాలు, ఫోన్ హెడ్‌ఫోన్ జాక్ నుంచి అది మామూలుగా వచ్చేస్తుంది, అంటే ప్రీయాంప్ (ముందే సిగ్నల్ పెంచే చిన్న యాంప్) కూడా అక్కర్లేదు. వేడెక్కితే తనంతట తను ఆగిపోతుంది, అవుట్‌పుట్ షార్ట్ అయినా తట్టుకునే ఏర్పాటు లోపలే ఉంది. నేర్చుకునేవాళ్లకి ఇంతకన్నా ఏం కావాలి.

అవుట్‌పుట్ నుంచి గ్రౌండ్‌కి 1 ఓమ్ రెసిస్టర్, 0.22 మైక్రోఫారడ్ కెపాసిటర్ వరసగా ఉంటాయి, అవి లేకపోయినా పాట వస్తుందిగా అని కొందరు తీసేస్తారు, దయచేసి తీసేయకండి. అవి లేకపోతే ఐసీ మన చెవికి వినపడని ఫ్రీక్వెన్సీలో ఆసిలేట్ అయిపోవచ్చు (తనంతట తనే సిగ్నల్ పుట్టించుకోవచ్చు), పాట పెట్టకుండానే హీట్‌సింక్ (ఐసీ వేడి లాగే లోహపు ముక్క) కాలుతుంటే కారణం చాలాసార్లు ఇదే. అలాగే సప్లైకి పెట్టే 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్లు మూడో కాలికీ ఐదో కాలికీ ఆనుకునే ఉండాలి, బోర్డుకి ఆ చివర పెడితే పెట్టనట్టే.

ఇప్పుడు ట్రాన్స్‌ఫార్మర్. ఇక్కడే నేను దెబ్బతిన్నాను. కొత్తలో నా దగ్గర 15-0-15 ట్రాన్స్‌ఫార్మర్ (మధ్యలో సున్నా వైరు, అటూ ఇటూ 15 వోల్టులు) ఉంటే ప్లస్ మైనస్ 15 వస్తుందిలే అనుకుని చివర ఏ లేని మామూలు 2030కి ఇచ్చాను, స్విచ్ వేయగానే టప్ మని ఐసీ ముఖం పగిలింది, ఆ కాలిన వాసన సాయంత్రం దాకా గదిలో పోలేదు. జరిగిందేంటంటే 15 అనేది ఏసీ లెక్క, బ్రిడ్జి డయోడ్లు, ఫిల్టర్ కెపాసిటర్ దాటాక అది 1.414 రెట్లు అవుతుంది, అంటే 21. మామూలు 2030 తట్టుకునేది ప్లస్ మైనస్ 18 వరకే. చివర ఏ అక్షరం ఉన్న 2030ఏ అయితే 22 దాకా తట్టుకుంటుంది. మరి 12-0-12 అయితే? లెక్కకి 17, డయోడ్లలో కొంచెం పోయి పదహారు చిల్లర. కానీ చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు లోడ్ లేనప్పుడు 13 పైనే ఇస్తాయి, రాత్రిళ్లు లైన్ వోల్టేజీ 240 దాటితే ఇంకా పెరుగుతుంది, అప్పుడు 18 దాటడం పెద్ద విషయం కాదు. అందుకే 12-0-12 కొనండి, ఐసీ మాత్రం చివర ఏ ఉన్నదే అడిగి తీసుకోండి.

ఇంకో సంగతి, ఐసీ వెనక ఉన్న లోహపు రేకు లోపల మూడో కాలికి కలిసి ఉంటుంది, అంటే మన సర్క్యూట్‌లో హీట్‌సింక్ మొత్తం మైనస్ 16లో ఉంటుంది. అది ఇనప క్యాబినెట్‌కి తగిలిందా, సప్లై షార్టే. ఐసీకీ హీట్‌సింక్‌కీ మధ్య కరెంటు దాటనివ్వని మైకా షీటూ, స్క్రూకి ప్లాస్టిక్ బుషూ పెట్టుకోండి.

హైదరాబాద్ వాళ్లు కోఠి గుజరాతీ గల్లీలో, చెన్నైలో ఉన్నవాళ్లు రిచీ స్ట్రీట్‌లో వెతికితే ఇవన్నీ దొరుకుతాయి. నకిలీ ఐసీలు బాగానే తిరుగుతున్నాయి కాబట్టి ఒకటికి రెండు తీసుకోండి, ఐసీ కన్నా ట్రాన్స్‌ఫార్మర్, హీట్‌సింక్ మీదే ఎక్కువ ఖర్చవుతుంది, అక్కడ పీనాసితనం వద్దు.

వచ్చే పాఠంలోపు ఇంట్లో ఉన్న స్పీకర్‌ని మల్టీమీటర్‌తో కొలవండి, మూడున్నర ఓమ్స్ అటూ ఇటూ చూపిస్తే అది 4 ఓమ్స్ స్పీకర్, ఆరూ ఏడూ చూపిస్తే 8. ఆ నంబరు, మీ ట్రాన్స్‌ఫార్మర్ మీద రాసింది ఒక కాగితం మీద రాసి, ఇందాకటి వాట్ల లెక్క మీరే వేయండి. ట్రాన్స్‌ఫార్మర్‌ని మాత్రం ఇప్పుడే కరెంటుకి పెట్టకండి, 230 వోల్టుల పని, 60 వాట్ల బల్బుతో సీరీస్ బోర్డు (కరెంటు బల్బు మీదుగానే వెళ్లేలా) ఎలా కట్టాలో వచ్చే పాఠంలో ముందు అదే చేసి, తర్వాత పవర్ సప్లై మొదలుపెడదాం.