ఖైదీలతో కలిసి ఇంటరాక్టివ్ డాక్యుమెంటరీ చేయాలంటే

ఇంటరాక్టివ్ డాక్యుమెంటరీ అంటే చూసేవాళ్లే తెర మీద తమకు కావాల్సింది నొక్కుతూ చూసేది, వినేది; మామూలుగా ఒక వెబ్‌సైటుగా ఉంటుంది. జైలు అనుమతి పని మొదలుపెట్టకుండా ఐడియాల గురించి ఎంత మాట్లాడుకున్నా దండగే. కేంద్ర హోంశాఖ 2015లో రాష్ట్రాలకు పంపిన మార్గదర్శకాల ప్రకారం 30 రోజుల ముందు దరఖాస్తు పెట్టాలి, లక్ష రూపాయలు డిపాజిట్ కట్టాలి, రికార్డు చేసిందంతా కనీసం 3 రోజులు సూపరింటెండెంట్ దగ్గర వదిలిరావాలి, డాక్యుమెంటరీ విడుదలకు ముందు ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తెచ్చుకోవాలి. ఫోన్ లోపలికి రానివ్వరు, పెన్ను కూడా. కాబట్టి ట్యాబ్‌లు, వీఆర్ (కళ్లకు పెట్టుకుని చూసే వర్చువల్ రియాలిటీ) అంటూ ప్లాన్లు వేసుకోకండి. వాయిస్ రికార్డరు, జైలు బడిలో దొరికే కాయితాలు, సుద్దముక్కలు, వీటితో ఏమవుతుందో చూడండి.

గొంతు ఒక్కటే అని చిన్నబుచ్చుకోనక్కర్లేదు. అమెరికన్ కళాకారిణి షారన్ డానియెల్ 2007లో తెచ్చిన ‘పబ్లిక్ సీక్రెట్స్’ అనే ఇంటరాక్టివ్ డాక్యుమెంటరీ ఖైదీల గొంతులతోనే నడుస్తుంది. కాలిఫోర్నియా జైళ్లలో విలేకరుల ఇంటర్వ్యూల మీద గట్టి ఆంక్షలున్నాయి, అందుకని ఆవిడ ఒక ఖైదీల హక్కుల సంస్థ తరఫున, న్యాయ సహాయానికి వెళ్లే మనిషిగా అక్కడి చౌచిల్లా ఊళ్లోని మహిళా జైలుకు వెళ్లి రికార్డు చేశారు. తెర మీద వాళ్ల మాటలు గళ్లుగళ్లుగా ఉంటాయి, నొక్కితే వినిపిస్తాయి.

మొదటి రోజే కథ చెప్పమనకండి. మీ బ్యారక్ గీయండి అనండి: పడుకునే చోటు, కుళాయి, ములాఖత్‌కి వెళ్లే దారి, తాళాల చప్పుడు ముందుగా ఏ మూల నుంచి వినిపిస్తుందో. ఆ బొమ్మే మీ సైటుకి మెనూ. కుళాయి నొక్కితే పొద్దున్నే నీళ్ల దగ్గర తోపులాట గురించి ఆ బొమ్మ గీసిన ఖైదీ గొంతు రావాలి. ఏది నొక్కితే ఏది రావాలన్నది మాత్రం వాళ్లే తేల్చాలి, కోడ్ రాసేది మీరైనా సరే. ఒక్కో క్లిప్‌కి ఒక్కో చీటీ రాసి నేల మీద పరిచి మధ్యలో సుద్దతో గీతలు గీయించండి (దారం తీసుకెళ్తే గేటు దగ్గరే ఆపేస్తారు).

మన జైళ్లలో దాదాపు నాలుగింట మూడొంతుల మంది విచారణ ఖైదీలే, అంటే కేసు ఇంకా తేలనివాళ్లే. వాళ్ల దగ్గర కేసు ఊసే ఎత్తొద్దు, ఆ రికార్డింగ్ మూడు రోజులు ఎవరి చేతిలో ఉంటుందో గుర్తుంది కదా. వార్డర్ పక్కనుండగా “సరే సార్” అన్నదాన్ని ఒప్పుకోలు అనుకోవద్దు, ఇంకో రోజు ఒంటరిగా ఉన్నప్పుడు మళ్లీ అడగండి. ఒక ఖైదీ జైలు నుంచి విడుదలయ్యాక, చెల్లెలి సంబంధం కుదిరే టైములో ఎవడో ఆ క్లిప్ లింకు పెళ్లికొడుకు వాళ్లకి పంపాడనుకోండి, తీసేయమంటారు, వెంటనే తీసేయాలి. అందుకే ఎవరి క్లిప్ వాళ్లది విడిగా ఉండేలా కట్టుకోండి, అంతా కలిపి ఒకే వీడియో చేస్తే ఇరుక్కుపోతారు.

లోపల వాళ్ల చేతికి ఇంటర్నెట్ ఉండదు. పూర్తయ్యాక వాళ్లకి ఆఫ్‌లైన్ కాపీ చూపించడానికి ల్యాప్‌టాప్ కావాలని మొదటి దరఖాస్తులోనే రాసేయండి, తర్వాత అడిగితే మళ్లీ 30 రోజులు.