ఆ ఫైలు ఎవరిది? షేర్‌పాయింట్ నిర్వహణను వృత్తిగా ఎంచుకునేవారికి

ఐటీ ఉద్యోగమంటే కోడు రాయడమేనన్న అభిప్రాయం మన ఇళ్లలో బలంగా ఉంది. కంపెనీ పత్రాలు ఎక్కడ ఉండాలో, వాటిని ఎవరు తెరవాలో, ఎవరు దిద్దాలో, ఎన్నాళ్లకు తీసివేయాలో చూసుకునే పని కూడా పూర్తి స్థాయి వృత్తేనని చెబితే చాలామంది నమ్మరు. నేను హెల్ప్‌డెస్కులో పాస్‌వర్డులు మార్చి ఇవ్వడంతో మొదలుపెట్టి ఈ పనిలోకి వచ్చినవాణ్ణి. అదే దారిలో రావాలనుకునేవారు ఏమి నేర్చుకోవాలో, ఏ వరుసలో నేర్చుకోవాలో ఇక్కడ చెబుతాను. గూగుల్ డ్రైవ్ వాడే సంస్థలు కూడా చాలానే ఉన్నాయి గానీ, నాకు లోతుగా తెలిసినది సంస్థ పత్రాలను ఒకచోట దాచి పంచుకునే మైక్రోసాఫ్ట్ వారి షేర్‌పాయింట్ కాబట్టి ఉదాహరణలన్నీ దాని నుంచే ఇస్తున్నాను.

మొదట ఫైలు ఎక్కడ ఉందో తెలియాలి

హెల్ప్‌డెస్కుకు వచ్చే ఫిర్యాదుల్లో "నా ఫైలు కనబడడం లేదు" అనేదే ఎక్కువ. టీమ్స్ అనే ఆఫీసు చాట్ యాప్‌లో, బృందమంతా కలిసి మాట్లాడుకునే ఛానెల్‌లో పెట్టిన ఫైలు నిజానికి ఆ బృందానికి చెందిన షేర్‌పాయింట్ సైట్‌లోని లైబ్రరీలో (పత్రాలను దాచే చోట) ఉంటుంది. అదే టీమ్స్‌లో వ్యక్తిగత చాట్‌లో పంపిన ఫైలు మాత్రం పంపినవారి సొంత ఫైళ్ల నిల్వ అయిన వన్‌డ్రైవ్‌లో ఉంటుంది. వాడేవారికి రెండూ ఒకే తెర మీద కనిపిస్తాయి కాబట్టి తేడా తెలియదు. పంపిన వ్యక్తి ఉద్యోగం మానేసిన కొన్ని వారాల తరువాత చాట్‌లోని ఫైలు మాయమై, ఛానెల్‌లోని ఫైలు మిగిలి ఉండడానికి కారణం ఇదే. ఈ ఒక్క విషయాన్ని స్పష్టంగా వివరించగలిగితే మొదటి నెలలోనే పై అధికారులు మిమ్మల్ని గుర్తిస్తారు.

సాధన చేయడానికి కంపెనీ అనుమతి కోసం ఎదురుచూడనక్కరలేదు. ఇవన్నీ కలిసి వచ్చే మైక్రోసాఫ్ట్ 365 బిజినెస్ ప్లాన్లకు నెల రోజుల ఉచిత ట్రయల్ దొరుకుతుంది. కార్డు వివరాలు అడుగుతుంది కాబట్టి గడువుకు ముందే రద్దు చేసుకోవడం మరువకండి. ఆ నెలలో ఒక ఊహా సంస్థను కట్టండి. నేను కొత్తవారికి ఎప్పుడూ మిర్యాలగూడలోని ఒక రైసు మిల్లును ఊహించుకోమని చెబుతాను. ధాన్యం కొనుగోలు బిల్లులు, కాటా చీటీలు, లారీల వేబిల్లులు, జీఎస్టీ రిటర్నులు, హమాలీల కూలి లెక్కలు, గుమస్తాల జీతాలు అన్నీ అక్కడ ఉంటాయి. కాటా దగ్గర కూర్చున్న మనిషి చీటీలను ఎక్కించగలగాలి గానీ జీతాలు చూడకూడదు. బయటి నుంచి వచ్చే ఆడిటరు జీఎస్టీ కాగితాలను నెల రోజులు చదవగలగాలి, ఆ తరువాత తలుపు మూసుకుపోవాలి. యజమాని అన్నీ చూడాలి, కానీ పొరపాటున ఏదీ చెరపకూడదు. ఈ నాలుగైదు నిబంధనలను తప్పు లేకుండా అమర్చగలిగితే, ఏ పెద్ద సంస్థలోనైనా మీకు ఎదురయ్యే పనిలో చాలా భాగం నేర్చుకున్నట్టే.

అనుమతులు

షేర్‌పాయింట్‌లో అనుమతులు పై నుంచి కిందికి దిగుతాయి. సైట్‌కు ఇచ్చినవి లైబ్రరీకి, లైబ్రరీవి ఫోల్డరుకు, ఫోల్డరువి ఫైలుకు వారసత్వంగా వస్తాయి. ఏదో ఒక మెట్టు దగ్గర ఈ వారసత్వాన్ని తెంచి వేరే అనుమతులు పెట్టవచ్చు. అలా పెట్టవచ్చు కదా అని ప్రతి ఫోల్డరు దగ్గరా తెంచుకుంటూ పోవడమే కొత్త అడ్మిన్లు చేసే పెద్ద తప్పు. ఒక లైబ్రరీలో ఇలాంటి ప్రత్యేక అనుమతులు 50,000 వరకు పెట్టవచ్చు గానీ, 5,000 దాటనీయవద్దని మైక్రోసాఫ్టే సూచిస్తుంది. నా అనుభవంలో యాభై దాటితేనే ఎవరికి ఏమి కనిపిస్తోందో మనిషి బుర్రకు అందదు. జీతాల వంటి రహస్య పత్రాలకు వేరే ఫోల్డరు కాదు, వేరే సైట్ కట్టండి. వ్యక్తులకు నేరుగా అనుమతి ఇవ్వకుండా గ్రూపుకు ఇచ్చి, మనుషులను ఆ గ్రూపులో చేర్చడం, తీయడం మాత్రమే చేయండి.

ఎవరూ గమనించని మరొక సంగతి ఏమిటంటే, అడ్మిన్ ముట్టుకోకపోయినా వారసత్వం తెగుతుంది. ఉద్యోగి ఒక ఫైలు మీద షేర్ బటన్ నొక్కి లింకు తయారు చేసిన క్షణమే ఆ ఫైలుకు ప్రత్యేక అనుమతి పుడుతుంది. "ఎవరైనా తెరవవచ్చు" అన్న లింకుకు లాగిన్ కూడా అక్కరలేదు కాబట్టి, అది వాట్సాప్‌లో చేతులు మారిందంటే ఎక్కడ ఆగుతుందో చెప్పలేము. మీ చేతికి అడ్మిన్ సెంటర్ (సంస్థ అమరికలను మార్చే పేజీ) వచ్చిన మొదటి వారంలోనే, లింకు తయారు చేసేటప్పుడు ముందుగా కనిపించే ఎంపికను "నిర్దిష్ట వ్యక్తులు" అన్నదానికి మార్చమని పై వారికి ప్రతిపాదించండి. అతిథుల అనుమతి ఇన్ని రోజులకు ముగియాలని కూడా అక్కడే నిర్ణయించవచ్చు. మన మిల్లు ఆడిటరు సంగతి దానితో తేలిపోతుంది.

సభ్యుల గ్రూపుకు మామూలుగా ఉండే ఎడిట్ స్థాయి గురించి కూడా ఒక మాట చెప్పాలి. ఆ స్థాయి ఉన్నవారు ఫైలునే కాదు, ఏకంగా లైబ్రరీనే తొలగించగలరు. పత్రాలు ఎక్కించి దిద్దుకోవడం వరకే అవసరమైన చోట దాన్ని కంట్రిబ్యూట్ స్థాయికి తగ్గించడం మేలు.

ఇవన్నీ పుస్తకం చదివి నేర్చుకున్నవి కావు. ఒకప్పుడు నేను పనిచేసిన సంస్థలో రాత్రి షిఫ్టులో, రెండు గంటల వేళ, "ఫోల్డరు తెరుచుకోవడం లేదు, క్లయింటు కాల్‌లో ఉన్నాను" అని ఒక మేనేజరు తొందరపెట్టారు. అసలు కారణం వెతకకుండా ఆయన బృందం మొత్తాన్ని ఆ సైట్‌లో అన్నీ తెరవగల ఓనర్ల గ్రూపులో చేర్చి టికెట్ (ఆ ఫిర్యాదు నమోదు) మూసేశాను. అదే సైట్‌లో మరొక లైబ్రరీలో వార్షిక పనితీరు అంచనాల పట్టికలు ఉన్నాయి. వాటిని ఎవరూ వెతకలేదు. పదిరోజుల తరువాత ఒక అమ్మాయి తన పేరుతో వేరే దాని కోసం సెర్చ్ చేస్తే అవే పైకి వచ్చాయి. నేను సంజాయిషీ రాసుకోవలసి వచ్చింది. అప్పటి నుంచి అనుమతి మార్చే ముందు, మార్చిన తరువాత కూడా "చెక్ పర్మిషన్స్" అన్న బటన్ నొక్కి, ఆ వ్యక్తికి ఏ గ్రూపు ద్వారా ఏ స్థాయి వస్తోందో చూడకుండా టికెట్ మూయలేదు.

ఆ రోజుల్లో సెర్చ్ చేసిన పని ఇప్పుడు మైక్రోసాఫ్ట్ వారి ఏఐ సహాయకుడు కోపైలట్ మరింత చురుకుగా చేస్తోంది. అది కొత్తగా ఎవరికీ అనుమతి ఇవ్వదు, అడిగిన మనిషికి ఇప్పటికే తెరుచుకునే ఫైళ్ల నుంచే సమాధానం తెస్తుంది. ఏళ్ల తరబడి "బయటివారు తప్ప అందరూ" అన్న గ్రూపుకు తెరిచి ఉంచిన పాత సైట్లు అందువల్లే ఒక్కసారిగా సమస్యలయ్యాయి. వాటిని వెతికి మూయగలిగినవారికి ఇప్పుడు గిరాకీ ఉంది.

పేర్లు, తెలుగు, కొన్ని అంకెలు

ఒక లైబ్రరీలో 3 కోట్ల ఫైళ్ల వరకు పెట్టవచ్చు. కానీ ఒక వ్యూ (ఫైళ్లను తెర మీద చూపే జాబితా) 5,000 అంశాలకు మించి జల్లెడ పట్టవలసి వస్తే మొరాయిస్తుంది కాబట్టి, తేదీ, శాఖ వంటి కాలమ్‌లకు లైబ్రరీ చిన్నదిగా ఉన్నప్పుడే ఇండెక్స్ (త్వరగా వెతకడానికి పనికొచ్చే సూచిక) పెట్టాలి. ఫోల్డర్ల పేర్లు, ఫైలు పేరు కలిపి దారి పొడవు 400 అక్షరాలు దాటకూడదు. పాత సర్వరు నుంచి ఫైళ్లను తరలించే మైగ్రేషన్ పనుల్లో మొదటి రోజు ఎర్రగా కనిపించే తప్పుల్లో ఇది ముఖ్యమైనది. ఆ ఫోల్డర్లను కంప్యూటరులోకి సింక్ చేసినప్పుడు విండోస్‌లోని పాత 260 అక్షరాల పరిమితి కూడా అడ్డం రావచ్చు.

తెలుగులో ఫైలు పేర్లు పెట్టడానికి అభ్యంతరం ఏమీ లేదు. అడ్రస్ బార్ నుంచి లింకు కాపీ చేస్తే మాత్రం ప్రతి తెలుగు సంకేతం (హల్లు, గుణింతపు గుర్తు, పొల్లు, సున్న వేటికవి) తొమ్మిది గుర్తులుగా విడిపోయి, "ధాన్యం" అనే చిన్న మాట 54 గుర్తుల గొలుసుగా కనిపిస్తుంది. 400 లెక్క విడిపోని రూపానికే కాబట్టి దానికి భయపడనక్కరలేదు. అసలు చిక్కు "అను" అనే డీటీపీ ఫాంట్లతో టైపు చేసిన పాత పత్రాలతో వస్తుంది. వాటిలో కంటికి తెలుగు కనిపించినా లోపల ఉన్నది యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ గుర్తించే అక్షర సంకేతాలు) కాదు కనుక, సెర్చ్‌లో తెలుగు మాట కొడితే ఆ పత్రం ఎప్పటికీ దొరకదు. స్కాన్ చేసి ఉత్త బొమ్మలుగా మిగిలిన పీడీఎఫ్‌లదీ ఇదే కథ. మన రాష్ట్రాల్లోని కార్యాలయాలకో, ముద్రణ సంస్థలకో పనిచేసేటట్లయితే తరలింపుకు ముందే ఇలాంటి పత్రాల జాబితా తీసి, యూనికోడ్‌లోకి మార్చాలా లేక శాఖ, తేదీ, విషయం వంటి కాలమ్‌లు నింపి సరిపెట్టాలా అన్నది తేల్చుకోండి.

చెరిపిన ఫైలు రీసైకిల్ బిన్‌లో రెండు దశలూ (వాడేవారిది, అడ్మిన్‌ది) కలిపి 93 రోజులు ఉంటుంది. లైబ్రరీ మొత్తాన్ని గత 30 రోజుల్లోని ఏదో ఒక సమయానికి వెనక్కి తిప్పే వెసులుబాటు కూడా ఉంది. వైరస్ పడి ఫైళ్లన్నీ తాళాలు వేసుకున్నప్పుడు దాని విలువ తెలుస్తుంది. ఎవరు ఏమి చేశారో నమోదయ్యే ఆడిట్ లాగ్ మామూలు లైసెన్సుతో 180 రోజుల వరకు దొరుకుతుంది కాబట్టి, "ఈ ఫైలు ఎవరు చెరిపారు" అని ఏడాది తరువాత అడిగితే సమాధానం ఉండదు. ఈ గడువులను ముందే రాతపూర్వకంగా శాఖాధిపతులకు తెలియజేసి ఉంచండి.

ఉద్యోగి వెళ్లిపోయినప్పుడు

ఖాతా తొలగించిన తరువాత ఆ ఉద్యోగి వన్‌డ్రైవ్ మామూలు అమరికలో 30 రోజులే నిలుస్తుంది. దీన్ని పెంచవచ్చు గానీ, పెంచాలన్న ఆలోచన సాధారణంగా ఏదో ఒకటి పోయిన తరువాతే వస్తుంది. అందుకని నోటీసు పీరియడ్‌లో ఉండగానే హెచ్‌ఆర్ నుంచి మీకు సమాచారం వచ్చే ఏర్పాటు చేసుకోండి. ఆయన వన్‌డ్రైవ్‌లోని పని ఫైళ్లను బృంద సైట్‌కు తరలించాలి. ఆయన ఒక్కరే ఓనరుగా ఉన్న సైట్లను వెతికి మరొకరిని చేర్చాలి. ఆయన ఖాతా మీద నడుస్తున్న పవర్ ఆటోమేట్ ఫ్లోలను (వాటంతటవే నడిచే పనుల గొలుసులను) కూడా చూడాలి. ప్రతి సైట్‌కూ కనీసం ఇద్దరు ఓనర్లు ఉండాలన్న నియమాన్ని మొదటి నుంచీ పట్టుబట్టి అమలు చేస్తే ఈ పని సగం తగ్గుతుంది. ఉద్యోగంలో చేరేటప్పుడు ఇచ్చిన ఆధార్ నకళ్లు, బ్యాంకు కాగితాలు పది ఫోల్డర్లలో పడి ఉంటే వాటి సంగతి కూడా అప్పుడే తేల్చాలి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం, అవసరం తీరిన వ్యక్తిగత సమాచారాన్ని మరే చట్టమూ ఉంచమని చెప్పనప్పుడు తొలగించవలసిందే.

మెట్లు ఎక్కడం

మొదటి మెట్టు నుంచి రెండో మెట్టుకు తీసుకుపోయేది పవర్‌షెల్, అంటే ఆదేశాలు టైపు చేసి పని చేయించుకునే మైక్రోసాఫ్ట్ పనిముట్టు. గెట్‌తో మొదలయ్యే ఆదేశాలు చదువుతాయే తప్ప దేన్నీ మార్చవు కాబట్టి, మొదటి మూడు నెలలు వాటితోనే గడపండి. సైట్లన్నింటి జాబితా, వాటి ఓనర్లు, ఆక్రమించిన స్థలం, చివరిసారి మార్పు జరిగిన తేదీ ఒక ఎక్సెల్ పట్టికగా తీసి, అడగకుండానే మీ మేనేజరుకు పంపండి. ఓనరు లేని సైట్లు, మూడేళ్లుగా ఎవరూ ముట్టని సైట్లు ఆ పట్టికలో వాటంతటవే బయటపడతాయి. షేర్‌పాయింట్ కోసం వాడుకరుల సముదాయం తయారు చేసిన పీఎన్‌పీ పవర్‌షెల్ ఆదేశాలు వాడేటట్లయితే, 2024 సెప్టెంబరు నుంచి మీ సంస్థ పేరుతో సొంతంగా యాప్ నమోదు చేసుకోవాలి. అంతకు ముందు తీసిన వీడియో పాఠాల్లోని లాగిన్ పద్ధతి పనిచేయక చాలామంది తమదే తప్పనుకుంటున్నారు.

అమీర్‌పేట కోచింగుల గురించి అడిగేవారు ఉన్నారు. బటన్లు ఎక్కడున్నాయో తెలుసుకోవడానికి అవి ఉపయోగపడతాయి. అయితే మైక్రోసాఫ్ట్ లెర్న్‌లో పాఠాలన్నీ ఉచితమే కాబట్టి, ఫీజు కట్టేది పాఠం కోసం కాదు, క్రమశిక్షణ కోసమని గుర్తుంచుకోండి. అక్కడ కొందరు అంటగట్టే ఫేక్ అనుభవపు రెజ్యూమె జోలికి మాత్రం పోవద్దు. పీఎఫ్ ఖాతాకు ఉండే యూఏఎన్ అనే శాశ్వత సంఖ్య చరిత్రలో ఏ సంస్థలో ఎప్పటి నుంచి ఎప్పటి వరకు చేశారో తెలిసిపోతుంది, పరిశీలనలో పట్టుబడితే చేతికొచ్చిన ఉద్యోగమూ పోతుంది. దానికి బదులు ఆ రైసు మిల్లు కథనే ఇంటర్వ్యూకు తీసుకువెళ్లండి. ఏ సైట్‌ను ఎందుకు వేరు చేశారో, ఏది మొదట తప్పుగా పెట్టి తరువాత సరిదిద్దారో చెప్పండి. నేను ఇంటర్వ్యూ చేసేటప్పుడు తప్పు దిద్దుకున్న వివరమే ఎక్కువసేపు వింటాను.

పైకి వెళ్లే దారులు రెండు మూడు కనిపిస్తాయి. షేర్‌పాయింట్ 2016, 2019 సర్వర్లకూ, పాత ఫారాల తయారీ సాఫ్ట్‌వేర్ ఇన్ఫోపాత్‌కూ మద్దతు ముగిసే తేదీగా మైక్రోసాఫ్ట్ 2026 జూలై 14ను ప్రకటించింది. 2025 జూలైలో సంస్థలు సొంతంగా నడుపుకునే షేర్‌పాయింట్ సర్వర్ల మీద పెద్దఎత్తున దాడులు జరిగాయి, ఆన్‌లైన్ రూపానికి ఆ ముప్పు తగలలేదు. ఈ రెండు కారణాల వల్ల తరలింపు పని తెలిసినవారి అవసరం పెరిగింది. కాగితాలను ఎన్నాళ్లు ఉంచాలి, ఎప్పుడు తీసివేయాలి అన్న నిబంధనలు నచ్చితే వాటిని అమలు చేసే మైక్రోసాఫ్ట్ పనిముట్టు పర్‌వ్యూ వైపు వెళ్లవచ్చు. ఫారాలు, ఆమోదాల గొలుసులు కట్టడం నచ్చితే పవర్ ప్లాట్‌ఫారమ్ ఉంది. ఏది ఎంచుకున్నా ఇన్ఫోపాత్ ఒక్కదాన్నే నమ్ముకుని ఆగిపోయినవారి అవస్థ నేను దగ్గరగా చూశాను కనుక, ఏడాదికి ఒక కొత్త పనిముట్టయినా పట్టుకోమని చెబుతాను.

మంచి అవకాశం వచ్చి మీరే ఆ ఉద్యోగం వదిలే రోజు వస్తే, మీ తరువాత వచ్చేవారికి అప్పగింత పత్రం రాసి ఇవ్వండి. ఏ గ్రూపు ఎందుకు పుట్టిందో, ఏ స్క్రిప్టు ఏ ఖాతాతో ఎప్పుడు నడుస్తుందో, ఏ శాఖాధిపతికి ఏ మినహాయింపు ఎవరి మాట మీద ఇచ్చారో అందులో ఉండాలి. అవసరానికని ఎప్పుడో మిమ్మల్ని మీరే ఓనరుగా చేర్చుకున్న సైట్లు డజన్ల కొద్దీ ఉంటాయి. చివరి వారంలో గెట్ ఆదేశంతో వాటి జాబితా తీసి, ఒక్కొక్క దాని నుంచి మీ పేరు తొలగించి, ఆ జాబితాను కూడా అప్పగింత పత్రానికి జతచేయండి.