గోధుమరంగు లేకపోతే మంచిదేనా? నోటి క్యాన్సర్‌లో పీ53 స్లైడు చూసే పద్ధతి

పీ53 అంటే కణాలు అదుపు తప్పి పెరగకుండా కాపాడే ప్రొటీన్. దానికి అతుక్కునే యాంటీబాడీతో స్టెయిన్ చేస్తే అది ఉన్న కేంద్రకాలు గోధుమరంగులో, మిగతావి నీలంగా కనిపిస్తాయి. కొత్తగా చేరిన పీజీ పిల్లల చేతికి పీ53 స్లైడు ఇస్తే మొదట గోధుమరంగు కోసం వెతుకుతారు. నేనూ అలాగే వెతికేదాన్ని. ఒకసారి దాంతోనే బోల్తాపడ్డాను.

అది అంగిలి మీది గడ్డ. మా ఉత్తరాంధ్ర తీరంలో చుట్టను నిప్పు నోట్లోకి పెట్టి కాల్చే అలవాటుంది. అడ్డపొగ అంటారు. ముఖ్యంగా ఆడవాళ్లలో చూస్తాం. కాలేది అంగిలే కాబట్టి క్యాన్సరూ అక్కడే ఎక్కువ. ఆ గడ్డ స్లైడంతా నీలంగా ఉంది, ఒక్క గోధుమ చుక్క లేదు. 'నెగెటివ్' అని రాసేస్తుంటే మా టెక్నీషియన్ అన్న వెనకనుంచి, 'మేడమ్, గడ్డ సరే, పక్కనున్న లింఫోసైట్లు చూశారా?' అన్నాడు. లింఫోసైట్లంటే తెల్లరక్తకణాల్లో ఒక రకం. చూస్తే వాటిలో అక్కడక్కడా లేత గోధుమరంగు. అంటే స్టెయిన్ పనిచేసింది. గడ్డలోనే ప్రొటీన్ లేదు.

ఇక్కడే తిరకాసు. మామూలు కణంలో పీ53 పుట్టిన ఇరవై నిమిషాలకే సగం కరిగిపోతుంది. అందుకే ఆరోగ్యమైన పొరలో అది అరకొరగా కనిపిస్తుంది. ఈ ప్రొటీన్‌ను తయారుచేసే టీపీ53 జన్యువులో ఒక అక్షరం మారి వంకర ప్రొటీన్ తయారైతే అది త్వరగా కరగదు, కణం కేంద్రకంలో పేరుకుంటుంది, స్లైడు ముదురు గోధుమరంగుకు తిరుగుతుంది. జన్యువు మధ్యలోనే తెగిపోతే ప్రొటీనే ఉండదు, స్లైడు బోసిపోతుంది. నిండుగా ఉన్నా తేడాయే, బొత్తిగా లేకపోయినా తేడాయే.

సగం పని మైక్రోస్కోపు దగ్గరికి రాకముందే అయిపోతుంది. దవడ ఎముకతో వచ్చిన స్పెసిమెన్ అయితే, ఎముకను యాసిడ్‌లో మెత్తబరిచేలోపే మెత్తటి గడ్డ ముక్క ఒకటి విడిగా కోసి మైనంలో బ్లాక్ చేయండి. యాసిడ్‌లో నానిన టిష్యూ స్టెయిన్ పట్టకపోతే దాన్ని జన్యువు మీదకు నెట్టలేం. బ్లాక్ నుంచి కోసే పలుచటి సెక్షన్ మందం 3 నుంచి 4 మైక్రాన్లు, అదీ టిష్యూ గట్టిగా అంటుకునే చార్జ్‌డ్ స్లైడు మీద. మామూలు గాజు మీద వేస్తే కుక్కర్‌లో ఊడి తేలుతుంది. అవును, ప్రెషర్ కుక్కరే, యాంటీబాడీ ప్రొటీన్‌ను పట్టుకునేలా స్లైడును బఫర్‌లో ఉడికించడానికి. సిట్రేట్ పీహెచ్ 6 బఫరా, ట్రిస్-ఈడీటీఏ పీహెచ్ 9 బఫరా అన్నది మీ యాంటీబాడీ కాగితంలో చూడండి. దించగానే మూత తీసి స్లైడ్లు లాగేయకండి, బఫర్‌లోనే చల్లారనివ్వండి. ఆ తర్వాత డీఏబీ (గోధుమరంగు తెప్పించే రసాయనం) వేసి కడిగేదాకా స్లైడు ఒక్క నిమిషం కూడా ఆరకూడదు. ఆరిన చోట అంచులు ముదిరి ఉత్తుత్తి పాజిటివ్ చూపిస్తాయి.

ఇక గడ్డతో పోల్చడానికి తీసే 'పక్క టిష్యూ'. గడ్డ అంచుకు రెండు మిల్లీమీటర్ల దూరంలో కోసి దానికి 'నార్మల్' అని లేబుల్ అంటించడం చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. కంటికి బాగున్న పొర కూడా లోపల మారి ఉండొచ్చని స్లాటర్ బృందం 1953లోనే 'ఫీల్డ్ క్యాన్సరైజేషన్' అని పేరుపెట్టి చెప్పింది. అందుకని ఎన్ని మిల్లీమీటర్ల దూరంలో కోశారో లేబుల్ మీదే రాయండి. గడ్డ స్లైడు, పక్క స్లైడు ఒకే బ్యాచ్‌లో స్టెయిన్ చేయండి. వేర్వేరు రోజుల రంగులు పోల్చడం దండగ.

చూసే వరుస నాది ఇది: ముందు హెచ్ అండ్ ఈ (కణాల ఆకారం చూపే మామూలు గులాబీ-ఊదా స్టెయిన్), తర్వాత లింఫోసైట్లు, ఫైబ్రోబ్లాస్టులు (పొర కిందుండే పీచు కణాలు), ఆ తర్వాత పక్క పొర, గడ్డ చివర. లింఫోసైట్లలో అసలు ఎక్కడా రంగు లేకపోతే ఆ స్లైడు పక్కన పెట్టి మళ్లీ చేయించండి, రిపోర్టు రాయకండి.

పక్క పొరలో బేసల్ వరస, అంటే అన్నిటికంటే అడుగు వరస మీదే కళ్లు పెట్టండి. మామూలుగా అక్కడ ఆవాలు చల్లినట్టుంటుంది: ఒక కేంద్రకం ముదురు, దాని పక్కది లేత, ఇంకోటి ఖాళీ. ఆ వరసంతా సందు లేకుండా ముదిరి, పై వరసలకు కూడా ఎగబాకితే అనుమానించండి. బాగున్న పొరలో ఒక్కచోట ఆవాలు హఠాత్తుగా ఆగిపోయి, అక్కడినుంచి బోసిగా సాగినా అంతే. అయితే పుండు, వాపు ఉన్నచోట మామూలు పీ53 కూడా కొంత పెరుగుతుంది. హెచ్ అండ్ ఈ ముందు చూడమన్నది అందుకే.

పాత పరిశోధన పేపర్లలో '10 శాతం కణాలు దాటితే పాజిటివ్' లాంటి కొలతలు కనిపిస్తాయి. నేను వాడను. ఆవాలు చల్లినట్టున్న మామూలు పొరే ఆ లెక్కన పాజిటివ్ అయిపోతుంది, బోసి గడ్డేమో నెగెటివ్ అని తప్పించుకుంటుంది. శాతం కాదు, తీరు రాయండి. మామూలు తీరు కనిపించినంత మాత్రాన జన్యువు బాగుందని కూడా రాయకండి, కొన్ని మ్యుటేషన్లు (జన్యువులో మార్పులు) ఈ స్టెయిన్‌కు దొరకవు.

పీ16 అనే ఇంకో ప్రొటీన్ స్టెయిన్ గురించి కూడా అడుగుతుంటారు. నోటి వెనకుండే గొంతు భాగంలోని (ఓరోఫారింక్స్) గడ్డల్లో కనీసం 70 శాతం కణాలకు రంగు గట్టిగా పడితే హెచ్‌పీవీ వైరస్‌కు గుర్తుగా తీసుకుంటాం. నాలుక ముందు భాగానికీ, బుగ్గకూ ఆ లెక్క అతికించకండి.

ఆ అంగిలి రిపోర్టు కొట్టేసి మళ్లీ రాశాను: 'గడ్డలో పీ53 పూర్తిగా లేదు, అసహజ తీరు, లింఫోసైట్లలో రంగు ఉంది, 6 మిల్లీమీటర్ల దూరంలోని పొరలో మామూలు తీరు.' అన్నకు చూపించాక సంతకం పెట్టాను.